పనిసూచన పనిచోటికి ఒదుగుట యెట్లు?

పంచాయతీ నిర్వహించు పనులలో మంచినీటి సరఫరా ముఖ్యమైనది. ఒక సూచనపత్రములో "గదిలో ప్రవేశించి కుడివైపు వాల్వును మూయవలెను, ఎదుటి గోడపై నున్న మెయిన్ స్విచ్చిని ఆపవలెను" అని వ్రాసియున్నదనుకొందము. ఆ పత్రమును వ్రాసినవారి కన్నులయెదుట ఒక పంపుగది యున్నది. మన ఊరి పంపుగదికి ద్వారము మరియొక దిక్కున నుండవచ్చును. అప్పుడు పత్రములోని కుడి మనకు ఎడమ యగును. ఎప్పుడును ఆ పని చేయు ఆపరేటరునకు దీనివలన చిక్కు లేదు. అతడు పత్రమును చూడడు. అతడు జ్వరముతో పడుకొన్ననాడు, క్రొత్తవాడొకడు ఆ పత్రమును పట్టుకొని గదిలోనికి పోయిననాడు, తప్పుడు వాల్వు తిరుగును. తడి నేలపై నిలిచి తప్పుడు స్విచ్చిని ముట్టిన యెడల ప్రాణమునకే ముప్పు.

కావున పనిసూచన యెంత చక్కగా వ్రాయబడినను, అది పని జరుగు చోటికి ఒదుగనిచో నిరుపయోగము. ఈ చిక్కును నేడు ప్రపంచమందలి పెద్ద కర్మాగారములు సైతము ఎదుర్కొనుచున్నవి. దానిని తీర్చుటకు అచ్చట కనిపెట్టబడిన పద్ధతులలో మన గ్రామములకు పనికివచ్చు పాఠము కలదు. దానిని వివరించుటయే మా యుద్దేశము.

మిశ్రమ వాస్తవమనగా నేమి?

మనిషి కళ్ళజోడు వంటి యొక సాధనమును తలకు తగిలించుకొనును. దాని అద్దములగుండా ఎదుటనున్న యంత్రము యథాతథముగా కనబడుచుండును. దానితోపాటు, నిజముగా లేని బాణపు గుర్తులు, అంకెలు, చిన్న బొమ్మలు ఆ యంత్రముపైనే అతికించినట్లు కనబడును. "ముందు ఈ మరను విప్పుము, తరువాత ఆ మూతను ఎత్తుము" అని ఒక్కొక్క అంచెను సాధనము చూపుచుండగా పనివాడు రెండు చేతులతో పని చేసికొనవచ్చును. ఉన్నదియు, చూపబడునదియు కలిసి ఒకే దృశ్యమగుటచే దీనిని మిశ్రమ వాస్తవమనుచున్నారు. పాల్ మిల్‌గ్రామ్, ఫుమియో కిషినో అను పరిశోధకులు 1994లో ప్రచురించిన వ్యాసమువలన ఈ పేరు ప్రసిద్ధి కెక్కినది.

ఈ ఊహను పనిలో వాడదలచిన యొక చోటు గమనింపదగినది. అమెరికాలో బోయింగు విమానముల కర్మాగారమున విద్యుత్తు తీగెల కట్టలను పెద్ద పెద్ద పలకలపై పరచి కట్టెడివారు. ఏ తీగె ఎటు పోవలెనో ఆ పలకపై గుర్తించి యుండును. అయితే తీగెల కట్ట మారిన ప్రతిసారి వేరొక పలక కావలసి వచ్చెడిది. టామ్ కాడెల్, డేవిడ్ మైజెల్ అను ఇద్దరు ఆ సంస్థవారు 1992లో ఒక వ్యాసము ప్రకటించి, ఒకే ఖాళీ పలకను ఉంచి, దారి చూపు గీతలను పనివాని కంటి యెదుటి అద్దములో చూపవచ్చునని ప్రతిపాదించిరి. అనగా, పని మారినను చోటు మారినను సూచన దానికి తగినట్లు మారవలెనన్న అవసరమే ఈ ప్రతిపాదనకు ప్రేరణ.

హద్దురాయి వంటి గుర్తు

ఈ సాధనము చోటును ఎట్లు గుర్తించును? దానియందలి కెమెరాలు, దూరమును కొలుచు పరికరములు ముందుగా గదిని పరికించును. ఇది నేల, ఇది గోడ, ఇది బల్ల యని ఒక కొలతల చిత్తరువు తయారు చేసికొనును. అయినను ఇంతమాత్రముచే ఏ బాణమును ఎచ్చట నిలుపవలెనో దానికి తెలియదు. అందులకు ఒక స్థిరమైన ఆనవాలు కావలెను. చాల చోట్ల యంత్రముపై క్యూఆర్ కోడు వంటి గుర్తును అతికించుదురు. సాధనము ముందుగా ఆ గుర్తును చూచి, అచ్చటినుండి ఇంత దూరమున మొదటి వాల్వు, ఇంత ఎత్తున రెండవ మర అని లెక్క కట్టుకొనును.

ఇది మన రైతులకు క్రొత్త సంగతి కాదు. భూమి కొలుచువారు ముందుగా సర్వే రాతిని వెదకుదురు. రాయి దొరికినచో అచ్చటినుండి గొలుసు పట్టి పొలము గట్టును తేల్చగలరు. రాయి కదిలినచో కొలత ఎంత సరిగా నున్నను గట్టు తప్పును. మిశ్రమ వాస్తవ సాధనములో గుర్తు కూడ అట్టిదే. గుర్తును జానెడు ప్రక్కకు అతికించినచో బాణములన్నియు జానెడు ప్రక్కకు జరిగి, ఒక వాల్వునకు బదులు దాని ప్రక్క వాల్వును చూపును. సాధనము తప్పు చెప్పుచున్నట్లు పనివానికి తెలియదు.

ఇందులో గ్రహింపవలసిన ముఖ్యాంశ మొకటి. గుర్తును గది గోడకు అతికించినచో యంత్రమును జరిపిన నాడు సూచన చెడును. యంత్రమునకే అతికించినచో యంత్రము ఎచ్చటికి పోయినను సూచన దాని వెంట పోవును. కావున సూచన చోటును కాక వస్తువును అంటిపెట్టుకొని యుండవలెను. "కుడివైపు వాల్వు" అనునది చోటును బట్టిన మాట. "3వ అంకె గల ఎఱ్ఱ వాల్వు" అనునది వస్తువును బట్టిన మాట. మొదటిది ఒక్క గదిలోనే చెల్లును. రెండవది ఏ గదిలోనైనను చెల్లును.

గరివిడి పరిసరముల పనిచోట్లు

విజయనగరము జిల్లాలోని గరివిడి ప్రాంతమును చూచినచో ఈ సంగతి తేటపడును. ఇచ్చటి కోడూరు మాంగనీసు గనులు మన దేశములోని తొలి మాంగనీసు గనులలోనివి. అచ్చట త్రవ్వకము 1890వ దశకములో ఆరంభమైనది. భూవిజ్ఞానశాస్త్రజ్ఞుడు ఫెర్మర్ ఆ ఊరి పేరిటనే ఒక శిలకు కోడూరైటు అని నామకరణము చేసెను. పైకి తెరచిన గనిలో పనిచోటు నిలుకడగా ఉండదు. నేడు బండి పోయిన బాట రేపు త్రవ్వకములో కలిసిపోవును. అట్టిచోట "ఆ మూలనున్న గట్టు ప్రక్కగా పొమ్ము" అని వ్రాసిన సూచన వారము తిరుగకముందే అబద్ధమగును. త్రవ్వకము సోకని చోట పాతిన కొలత రాయి నుండి లెక్కించి చెప్పిన సూచనయే నిలుచును.

1950వ దశకములో గరివిడియందు ఫెర్రో ఎల్లాయ్స్ కార్పొరేషను వారు మిశ్రలోహముల కర్మాగారమును నెలకొల్పిరి. అట్టి కర్మాగారములలో విద్యుత్ కొలిమి నుండి కరిగిన లోహమును ఒక రంధ్రము ద్వారా బయటికి వదలుదురు. అందు గనివలె చోటు దినదినము మారదు గాని, ఒక కొలిమికి రంధ్రము ఒక ప్రక్క, మరియొక దానికి వేరొక ప్రక్క యుండవచ్చును. లోహము ప్రవహించు నపుడు ఎచ్చట నిలువరాదో, ఏ దారిన తప్పుకొనవలెనో, కొలిమి కొలిమికి వేరుగా చెప్పవలసి యుండును.

ఇక శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయమునకు చెందిన పశువైద్య కళాశాల గరివిడిలో నున్నది. కళాశాలలో పశువును కట్టు బోను గట్టిగా, తగిన ఎత్తులో నుండును. విద్య ముగించుకొని పల్లెకు పోయిన వైద్యునికి వేపచెట్టు మొదలే బోను కావచ్చును. పశువు తన్నకుండ ఏ ప్రక్క నిలువవలెనను సూత్రము మారదు. కట్టు త్రాడు, నిలుచు చోటు మారును.

గని, కొలిమి, పశువుల బోను, వీనికి చెప్పినదే మన పంపుగదికిని వర్తించును. ఒక పంచాయతీకి నాలుగు శివారు గ్రామము లుండి నాలుగు పంపుగదు లున్నచో, నాలుగును నాలుగు రీతుల నుండుట సహజము.

సూచనలోని మూడు విధముల మాటలు

సూచనను చోటికి ఒదిగించుట యనగా ఇష్టము వచ్చినట్లు మార్చుట కాదు. ఏ సూచనలోనైనను మూడు విధముల మాటలుండును. వానిని వేరుపరచి చూడవలెను.

మొదటివి ఎచ్చటను మారనివి. మోటారును, స్టార్టరును విప్పుటకు ముందు మెయిన్ స్విచ్చిని ఆపి, వేరొకరు కట్టకుండ తాళము వేయవలెను. సెప్టిక్ ట్యాంకులోనికి మనిషిని దింపరాదు. 2013 నాటి చట్టము మురుగు కాలువలను, సెప్టిక్ ట్యాంకులను ప్రమాదకరముగా శుభ్రపరపించుటను నిషేధించినది. గది చిన్నదనిగాని, దారి ఇరుకనిగాని, యంత్రము రాలేదనిగాని వీనిని సడలించుటకు వీలులేదు. చోటు సూచనకు అనుకూలము కానిచో పని ఆపవలెనే గాని సూచనను మార్చరాదు.

రెండవవి కొలతను బట్టి మారునవి. కలుపవలసిన మందు, పంపు నడుపు కాలము, ట్యాంకు నిండు వేళ మొదలగునవి ఈ తరగతిలోనివి. వీనిని లెక్క కట్టి మార్చవలెను.

మూడవవి అమరికను బట్టి మారునవి. ఎచ్చట నిలువవలెను, ఏ దారిన పోవలెను, ఏది ముందు చేతికి అందును అనునవి. వీనిని చోటు చూచి మార్చవలెను.

వీనితోపాటు మరియొక భేదమును మరువరాదు. చోటు వేరగుట ఒకటి, యంత్రమే వేరగుట మరియొకటి. సెంట్రిఫ్యూగల్ పంపును నీటితో నింపి, బయటికి పోవు గొట్టపు వాల్వును మూసి మోటారును ఆరంభించి, పిమ్మట వాల్వును మెల్లగా తెరచుట వాడుక. పిస్టను పంపునకు ఆ వాల్వును మూసి ఆరంభించినచో ఒత్తిడి పెరిగి గొట్టము పగులవచ్చును. ఇది అమరిక వలన వచ్చిన తేడా కాదు. ఆ యంత్రమునకు వేరు సూచనయే కావలెను. ప్రక్క ఊరి పత్రమును నకలు చేయుటకు ముందు ఆ ఊరి పంపు మన పంపు ఒకే జాతివో కావో చూడవలెను.

బ్లీచింగ్ పౌడరు లెక్క

రెండవ తరగతికి ఒక ఉదాహరణ చెప్పుదుము. మంచి స్థితిలోనున్న బ్లీచింగ్ పౌడరులో ఇంచుమించు మూడవ వంతు క్లోరిను ఉండును. తేట నీటికి 1000 లీటర్లకు సుమారు 2.5 గ్రాముల పౌడరు చాలునని ప్రజారోగ్య గ్రంథములలోని లెక్క. సూచన ఒకటే, ట్యాంకులు మాత్రము వేరు.

గుండ్రని ట్యాంకు అడ్డుకొలత 4 మీటర్లు, నీటి లోతు 3 మీటర్లు అనుకొందము. అడ్డుకొలతను అడ్డుకొలతతో హెచ్చించి, దానిని లోతుతో హెచ్చించి, 0.785తో హెచ్చింపగా 37.68 ఘనపు మీటర్లు వచ్చును. అది 37,680 లీటర్లు. దానికి కావలసిన పౌడరు సుమారు 94 గ్రాములు. అడ్డుకొలత 6 మీటర్లయి లోతు అంతే యున్నచో నీరు 84,780 లీటర్లు. పౌడరు సుమారు 212 గ్రాములు. అడ్డుకొలత ఒకటిన్నర రెట్లే పెరిగినను మందు రెండు రెట్లకు మించి కావలసి వచ్చినది. చూపునకు రెండు ట్యాంకులును దగ్గర దగ్గరగానే కనబడును. "అందరును గుప్పెడు వేయుచున్నారు, మనమును గుప్పెడు వేయుదము" అనుకొన్నచో ఒక ఊరిలో నీరు వాసన కొట్టును, మరియొక ఊరిలో క్రిములు చావవు.

పౌడరును నేరుగా ట్యాంకులో పోయరాదు. బకెట్టులో కొద్ది నీటితో ముద్దగా కలిపి, నీరు చేర్చి, కొన్ని నిమిషములు తేరనిచ్చి, పైతేటను మాత్రమే ట్యాంకులో పోయవలెను. గంట గడచిన పిమ్మట క్లోరోస్కోపుతో పరీక్షింపవలెను. త్రాగునీటి భారత ప్రమాణము ప్రకారము మిగులు క్లోరిను లీటరుకు కనీసము 0.2 మిల్లీగ్రాము లుండవలెను. నీరు మడ్డిగా నున్నను, పౌడరు పాతబడినను మొదటి లెక్క చాలదు. అట్టియెడ పరీక్ష చెప్పినదే తుదిమాట. లెక్క చోటును బట్టి మారును. పరీక్ష మాత్రము ఏ చోటనైనను తప్పదు.

పంచాయతీ చేయదగినది

కళ్ళజోడు సాధనము లేకయే ఈ విద్యలోని సారమును మన గ్రామములు గ్రహింపవచ్చును. అందులకు కావలసినవి కొలత టేపు, రంగు డబ్బా, కాగితము, ఒక పూట తీరిక.

మొదట ప్రతి పంపుగదికి పటము గీయవలెను. ద్వారము ఏ దిక్కు, స్విచ్చి బోర్డు ఎచ్చట, వాల్వులు ఎన్ని, ద్వారమునుండి ఒక్కొక్కటి ఎన్ని అడుగుల దూరము అనునవి అందు చూపవలెను. గ్రామ సచివాలయమందలి ఇంజినీరింగు అసిస్టెంటు సహాయమును ఇందులకు కోరవచ్చును.

రెండవది, వస్తువులకు అంకెలు వేయవలెను. కనబడిన వరుసలో వేయుట తగదు. అది చేయు పనిని బట్టి వేయవలెను. మెయిన్ స్విచ్చి 1, స్టార్టరు 2, పంపునుండి బయటికి పోవు గొట్టపు వాల్వు 3, ట్యాంకు అడుగునీటిని వదలు వాల్వు 4 అని నిర్ణయించుకొన్నచో పంచాయతీలోని ప్రతి శివారు గ్రామములోను అదే అంకె ఉండవలెను. ఒక గదిలో 3 కుడివైపు, మరియొక గదిలో ఎడమవైపు ఉండనిండు. "3ను మూయుము" అన్నమాట అన్ని గదులకును చెల్లును. మూయుటకు చక్రమును ఎటు త్రిప్పవలెనో తెలుపు బాణపు గుర్తును వాల్వు చెంతనే రంగుతో వేయవలెను. అంకెను గోడపై గాక వస్తువుపైననే వేయుట మంచిది.

మూడవది, ఒక అట్టపై సూచన వ్రాయవలెను. అమెరికాలో 1940 మొదలు రెండవ ప్రపంచయుద్ధ కాలమందు కర్మాగారములలో క్రొత్తవారిని త్వరగా తయారు చేయుటకై ఒక శిక్షణ పద్ధతి నడచినది. అందులో పనిని ముఖ్యమైన అంచెలుగా విభజించి, ప్రతి అంచె ఎదుట కీలకమైన మెలకువను చెప్పెడివారు. మన అట్టకును మూడు గడులు చాలును: ఏమి చేయవలెను, ఏది మరువరాదు, ఎందువలన. కారణము తెలిసినవాడు చోటు మారినపుడు తడబడడు. మారని మాటలను ఎఱ్ఱ సిరాతోను, లెక్కలను నీలి సిరాతోను, చోటును తెలుపు మాటలను నల్ల సిరాతోను వ్రాసినచో తరువాత ఏది దిద్దవచ్చునో ఏది దిద్దరాదో ఎవరికైనను తెలియును. మాటలు ఆ ఊరివారు పలుకు మాటలై యుండవలెను.

నాలుగవది, పరీక్ష. ఆ గదిని ఎన్నడును చూడని మనిషిని ఒకరిని ఆ అట్టతో పంపవలెను. ఆపరేటరు ప్రక్కనే నిలిచి, ప్రమాదము కలుగునని తోచిననే తప్ప నోరు మెదపరాదు. క్రొత్తవాడు ఎచ్చట ఆగిపోయెనో అచ్చట సూచన చాలలేదని అర్థము. తప్పు మనిషిది కాదు, అట్టది. దానిని దిద్దవలెను.

అయిదవది, తేది. క్రొత్త గొట్టము వేసినపుడు, మోటారు మార్చినపుడు, స్విచ్చి బోర్డును జరిపినపుడు అట్టను తిరిగి పరీక్షించి క్రొత్త తేది వేయవలెను. 2019 ఆగస్టు 15న ప్రకటింపబడిన జలజీవన్ మిషను కింద పల్లెలలో ఇంటింటి కుళాయిలకై క్రొత్త గొట్టములు, ట్యాంకులు ఏర్పడుట చూచుచున్నాము. పాత అట్టను క్రొత్త అమరికకు వ్రేలాడదీయుట, అట్ట లేకుండుట కంటె హానికరము. ఏలన, లేని అట్టను ఎవరును నమ్మరు.

సాధనము వచ్చిననాడు

శిక్షణాలయములందో కర్మాగారములందో మన యువకులు ఈ కళ్ళజోడు సాధనములను వాడు సందర్భము రావచ్చును. అప్పుడు కొన్ని జాగ్రత్తలు తెలిసియుండవలెను. వీనిని ధరించినపుడు ప్రక్కచూపు తగ్గును. కావున ట్యాంకు నిచ్చెన ఎక్కునపుడు ధరింపరాదు. ఎండ తీవ్రముగా నున్నచో అద్దములోని గుర్తులు వెలవెలబోవును. దుమ్ము, నీరు, నిగనిగలాడు లోహపు రేకులు కొలతను తప్పించును. అన్నింటికంటె ముఖ్యమైనది, బాణము చూపినదని చేయి వేయరాదు. వస్తువుపై నున్న అంకెను చదివి, రెండును సరిపోయినవని చూచుకొనిన పిమ్మటనే త్రిప్పవలెను. రంగుతో వేసిన అంకె అందులకును పనికివచ్చును.

సాధనముల ఆయుస్సు స్వల్పమనియు గుర్తింపవలెను. మైక్రోసాఫ్టువారి హోలోలెన్సు అను ప్రసిద్ధ సాధనము 2016లో బయటికి వచ్చినది. దాని రెండవ రూపము 2019లో ప్రకటింపబడినది. 2024లో దాని తయారీ నిలిచిపోయినది. ఒక ఊరి ఓవర్‌హెడ్ ట్యాంకు అంతకంటె అనేక సంవత్సరములు నిలుచును. కావున పనిసూచనలను ఏ యొక్క సాధనముతోనో ముడివేయక, పటము, అంకెలు, అట్ట అను మూడింటిని పంచాయతీ కార్యాలయమున భద్రపరచవలెను. ఇవి సరిగా నున్నచో నేడు కాగితముపై చదువవచ్చును, రేపు సెల్‌ఫోనులో చూడవచ్చును, ఎల్లుండి కళ్ళజోడులో నిలుపవచ్చును. ఇవి లేనిచో ఎంత ఖరీదైన సాధనమైనను గ్రుడ్డిదే.

ఆపరేటరు తలలోనున్న జ్ఞానము ఊరి ఆస్తి. అతడు లేని దినమున అది ఊరికి అందకపోయినచో కుళాయిలు ఎండును, లేదా పరిశుభ్రము కాని నీరు ఇంటింటికి చేరును. పంచాయతీ సభ్యులు రానున్న సమావేశమున ఒక తీర్మానము గావించి, ఒక్కొక్క సభ్యుడు ఒక్కొక్క పంపుగది బాధ్యతను స్వీకరించి, ఆపరేటరును వెంట నిడుకొని పటము గీయించుటకు పూనుకొందురు గాక. పనిని ఎరిగినవానిని అడిగి వ్రాయుట, ఎరుగనివానిచే చేయించి చూచుట, చోటు మారినపుడు దిద్దుట, ఈ మూడును జరిగిన ఊరిలో ఎవరు సెలవు పెట్టినను మంచినీరు ఆగదు.